మాస్టారింట్లో రెండు నిమిషాలు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు సెల్లారులో అసోసియేషన్ మీటింగు జరిగింది. మూడో అంతస్తు పోస్టుమాస్టరు గారు పోయి పది రోజులైంది కాబట్టి ముందుగా రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు సెక్రటరీ. అందరూ లేచారు. ప్లాస్టిక్ కుర్చీల కాళ్లు సిమెంటు గచ్చు మీద ఒక్కసారిగా గీరుకున్నాయి. ఆ చప్పుడు వింటే చాలు, ఈనాటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. తల వంచుకుని లోపల అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై రెండుకు వచ్చానో లేదో, “థాంక్యూ, కూర్చోండి” అన్నాడు సెక్రటరీ. అందరూ కూర్చుని లిఫ్టు రిపేరు సంగతి ఎత్తుకున్నారు. నేను కూర్చోలేదు. నూట ఇరవై అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. “ఆంటీకి మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, కుర్చీ దగ్గరికి జరపండి” అని వెనక నుంచి ఎవరో జాలిపడ్డారు. నాకు కోపం వచ్చింది. నా పేరు శాంతకుమారి గానీ, శాంతం నాలో పేరు వరకే.

రెండు నిమిషాలంటే నూట ఇరవై అంకెలని, అందులో ఒక్కటి తగ్గినా పోయినవాళ్లను మోసం చేసినట్టేనని నాకు నేర్పింది సూరప్పడు మాస్టారు. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మా వైపు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. అంతకు ముందు ముప్పై ఏళ్లు కె. కోటపాడు చుట్టుపక్కల పల్లెల్లో బడిపంతులు. గెలిచాక కూడా ఎవరైనా ఎమ్మెల్యే గారూ అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసేవారు, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని. “ఎమ్మెల్యే ఐదేళ్ల పోస్టమ్మా, మాస్టారన్నది సచ్చేదాకా ఉండే పోస్టు” అనేవారు. పొట్టి మనిషి, ఇస్త్రీ చేసినా ముడతలు పోని చొక్కా, జేబులో ఎర్ర ఇంకు పెన్ను. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు వెళ్లే రోడ్డు పక్క సందులో ఇల్లు. వసారాలో ఆఫీసు. ఆ ఆఫీసులో టైపిస్టునీ, పీఏనీ, పోస్టు డబ్బాలో ఉత్తరాలు వేసేదాన్నీ అన్నీ నేనే.

నన్ను పనిలోకి తీసుకున్న రోజు చెబితే ఆయన ఎలాంటివారో కొంత తెలుస్తుంది. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు. మా ఆయన పోయి మూడేళ్లు. కోర్టు ఎదురుగా టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొడుతూ కూతుర్ని చదివించుకుంటున్నాను. మాస్టారు నన్ను పిలిపించి, వసారాలో కూర్చున్న ఒక ముసలి రైతు చెప్పేది రాయమన్నారు. నాకు చేయి తిరిగిన పని కదా, పది నిమిషాల్లో అర్జీ కొట్టి ఇచ్చాను. మాస్టారు చదివి, కళ్లద్దాలు తీసి నన్ను చూశారు.

“ఆయన ‘నా బతుకు బుగ్గయిపోనాది’ అన్నాడు. నువ్వు ‘తీవ్ర ఇబ్బందులకు గురయితిని’ అని కొట్టేవు. ఆ మాట ఆయన అన్నాడేటమ్మా?”

“కలెక్టరాఫీసుకి అలాగే రాయాలండి” అన్నాను నేను, కాస్త పొగరుగానే.

“కలెక్టరు గారికి బుగ్గంటే బూడిదని తెలీకపోతే మనల్ని అడుగుతారు. అప్పుడు సెబుదాం. మళ్లీ కొట్టు.”

మళ్లీ కొట్టాను. ఇన్నేళ్లుగా కోర్టు దగ్గర నేర్చుకున్న భాషంతా ఆ వసారాలో ఒక్కో ముక్కగా వదిలించుకోవలసి వచ్చింది. మొదట్లో చిరాకుపడ్డాను. ఈయన దగ్గర ఉద్యోగం నెల కూడా నిలవదని మా అమ్మతో అన్నాను కూడా. ఐదేళ్లూ నిలిచింది.

గెలిచాక మొదటి సమావేశాలకు మాస్టారు ఇంటిల్లిపాదినీ హైదరాబాదు తీసుకెళ్లారు. ఇంటిల్లిపాది అంటే ఆయన భార్య పార్వతమ్మ గారు, తల్లి అప్పలనరసమ్మ గారు, పార్వతమ్మ గారి తమ్ముడు గోవింద. ముసలావిడ చేయి పట్టుకుని నడిపించడానికి నేను. అప్పలనరసమ్మ గారికి ఎనభై దాటాయి. చూపు మందగించింది గానీ చెవులు పాము చెవులు. శాసనసభ గేటు దగ్గర తనిఖీలో ఆవిడ బొడ్లో దోపుకున్న చుట్టలు తీసి పక్కన పెట్టారు. “మా అబ్బిని మేం ఇచ్చేం, నా సుట్టలు కూడా కావాలేటి మీకు?” అని పోలీసుతో పోట్లాటకు దిగింది. మాస్టారు సిగ్గుపడలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఇస్తారని ఆ పోలీసు చేతనే తల్లికి చెప్పించారు.

సందర్శకుల గ్యాలరీలో ముందు వరసలో కూర్చున్నాం. ఆ రోజు అరుపులూ కేకలూ చూడబోతున్నామని అనుకున్నాను. స్పీకరు గారు వచ్చి, ఈ మధ్యకాలంలో కన్నుమూసిన ఇద్దరు మాజీ సభ్యుల పేర్లు చదివారు. వాళ్లు ఏ ఊరివాళ్లో, ఏమేం చేశారో, ఎప్పుడు పోయారో చదివారు. ఆ వైపు వాళ్లు లేచి మంచిమాట చెప్పారు, ఈ వైపు వాళ్లూ లేచి మంచిమాటే చెప్పారు. తర్వాత సభంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. గ్యాలరీలో మేమూ నిలబడ్డాం. ముందు రోజు టీవీలో ఒకరినొకరు తిట్టుకున్నవాళ్లు పక్కపక్కన తలలు వంచి నిలబడ్డారు. అంత పెద్ద హాలులో ఎవరో దగ్గు ఆపుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ముసలావిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. పార్వతమ్మ గారు కళ్లు తుడుచుకున్నారు, ఆ పోయినవాళ్లెవరో ఆవిడకు తెలియకపోయినా.

సాయంత్రం క్వార్టర్సులో అన్నాలు తింటుంటే ముసలావిడ కొడుకుని అడిగింది.

“ఆ పోనాల్లిద్దరూ మంత్రులేటిరా?”

“కాదమ్మా. ఎప్పుడో మాలాగే ఎమ్మెల్యేలుగా సేసేరు.”

“అయితే ఆల పని ఆలు సేసుకుని పోనారు. మీ నాయిన కూడా పన్లోనే పోనాడు. సెరుకు కొడతంటే పావు కాటేసీసింది. ఆయన గట్టు మీద పడుంతే పక్క సేనోళ్లు కత్తి ఆపనేదు. ఎవులు నిల్సున్నార్రా ఆయనకి?”

మాస్టారు ముద్ద కలుపుతున్న చేయి ఆపేశారు. ఆ రాత్రి ఆయన సరిగా తినలేదని పార్వతమ్మ గారు మర్నాడు నాతో అన్నారు.

సమావేశాలు ముగిసి అనకాపల్లి వచ్చిన మర్నాడు మాస్టారు నాకో పని చెప్పారు. ఒక సమావేశానికీ ఇంకో సమావేశానికీ మధ్య మన నియోజకవర్గంలో పనికి వెళ్లి పనిలోనే పోయినవాళ్ల పేర్లు కావాలన్నారు. పాము కాటుకు, పిడుగుకు, కరెంటు షాకుకు, నూతిలో పూడిక తీస్తూ, తాటిచెట్టు మీంచి పడి పోయినవాళ్లు. పేరు, తండ్రి పేరు, ఊరు, చేసే పని, ఎలా పోయారు. ఈ ఐదూ ఉండాలి. కులం వద్దు, పార్టీ వద్దు. ఊరూరా పంచాయతీ ఆఫీసులకు ఫోన్లు చేసి, నర్సమ్మలను అడిగి, వసారాకు వచ్చిన ప్రతి మనిషినీ విసిగించి జాబితా తయారుచేశాను. పద్నాలుగు పేర్లు తేలాయి.

ఆ సాయంత్రం హాల్లో కుర్చీలు వేయించి ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టారు. బయటివాళ్లు ఎవరూ లేరు, పేపరువాళ్లు అసలే లేరు. శాసనసభలో ఎలా చూశామో అలాగే. ఆయన ఒక్కొక్క పేరూ బడిలో హాజరు పిలిచినంత స్పష్టంగా చదివారు. చివర్లో నా వైపు తిరిగి, “ఎవరైనా మిగిలిపోయేరేటమ్మా?” అని అడిగారు. లేరండి అన్నాను. అందరం లేచాం. నిమిషం కూడా కాకుండానే వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. పార్వతమ్మ గారు గబగబా వెళ్లి స్టవ్ ఆపి వచ్చారు. “మళ్లీ మొదట్నుంచి” అన్నారు మాస్టారు. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాం. గోవింద నవ్వాపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ముసలావిడ మాత్రం రెండోసారి కూడా కర్ర పట్టుకుని కదలకుండా నిలబడింది. కూర్చున్నాక, “మీ నాయిన పేరు సదవనేదేరా?” అంది. మాస్టారు నా చేతిలో కాగితం తీసుకుని, అన్నిటికన్నా పైన తన తండ్రి పేరు ఎర్ర ఇంకుతో రాసి, మళ్లీ చదివారు. మూడోసారి నిలబడ్డాం.

అలా ప్రతి సమావేశాల తర్వాతా ఇంట్లో ఆ సభ జరిగేది. ఊళ్లో కొంతమంది నవ్వారు. పార్టీ మనిషి ఒకాయన వసారాలో కూర్చుని జాబితా చూసి, “ఈయన మన పార్టీ కాదు కదండీ మాస్టారూ” అన్నాడు. “పాముకి పార్టీ తెలీదు బావా” అన్నారు మాస్టారు. ఆ పేర్లు పట్టుకుని ఆయన ఊరికే కూర్చునేవారు కాదు. మర్నాటి నుంచి ఒక్కో ఇంటికీ వెళ్లి, ఆ చావు కాగితాల మీద ఎలా రాశారో చూసి, తప్పుంటే ఆ ఆఫీసు మెట్లెక్కి కూర్చునేవారు. తలలు వంచడం దేనికో నాకు అప్పుడు అర్థమైంది. ముందు పేరు చదవాలి, ఆపైన ఆ పేరు వెనకాల నడవాలి. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో నేను తలకెత్తుకున్నదీ, నేనే చెడగొట్టుకున్నదీ ఇదే.

మూడో ఏడు బెల్లం వండే రోజులు ముగింపుకు వచ్చేసరికి జాబితాలో పద్దెనిమిది పేర్లున్నాయి. పంతొమ్మిదోది మునగపాక వైపు నుంచి వచ్చింది. దాలయ్య, ముప్పై ఎనిమిదేళ్లు, బెల్లం గానుగలో కూలి. ఉడుకుతున్న చెరుకు రసం పెనాన్ని పొయ్యి మీంచి దించుతుంటే దాన్ని పట్టుకునే కడియం ఊడిపోయి పాకం అతని మీద పడింది. తొమ్మిది రోజులు విశాఖ పెద్దాసుపత్రిలో ఉండి పోయాడు. ఆ గానుగ గోవిందది. కడియం పగిలిందని కూలీలు రెండు వారాల ముందే చెప్పారట, సీజను మధ్యలో మాన్పించడమెందుకని గోవింద ఇనుప తీగ కట్టించాడట. కాగితాల మీద మాత్రం ఇంకోలా ఉంది. దాలయ్య తాగి వచ్చి, తన ఇంట్లోనే నీళ్లపొయ్యి మీద పడ్డాడని రాయించారు, మాస్టారి చెవిన ఏదీ పడనివ్వలేదు.

ఆ పేరు నేను రాసుకున్న రోజు మధ్యాహ్నం పార్వతమ్మ గారు నన్ను వంటింట్లోకి పిలిచారు. నేను వచ్చిన రోజు నుంచీ నాకు అన్నం పెట్టిన మనిషి. నా కూతురికి జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్న మనిషి. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

“దాలయ్య పేరు రాసేవేటి శాంతమ్మా?”

“రాసేనండి.”

“తీసీ. ఈ ఒక్కసారికి తీసీ. ఆయన సదివితే ఊరుకోరు, నీకు తెలీదేటి? సదివిన కాయితం పట్టుకుని టేసనుకెళ్తారు. మా అమ్మ పోయినప్పుడు గోవిందకి నాలుగేళ్లు. నా సేతుల్తో పెంచేను. ఆడు లోపలికెళ్తే నాను బతకను.”

ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, కాదనడానికి ధైర్యం వచ్చేదేమో. నేను వసారాలోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. మనిషికి తప్పు చేయాలనుంటే దానికో రూలు దొరక్కపోదు. నాకూ దొరికింది. పనిలో పోయినవాళ్ల పేర్లు కదా కావాలి, దాలయ్య పోయింది ఆసుపత్రి మంచం మీద కదా అనుకున్నాను. ఆ వరస చెరిపేశాను. పద్దెనిమిది పేర్లతో కాగితం ప్రింటు తీశాను.

ఆ సాయంత్రం మాస్టారు పద్దెనిమిది పేర్లూ చదివారు. కాగితం మడిచి, ఎప్పటిలాగే నా వైపు చూశారు.

“ఎవరైనా మిగిలిపోయేరేటమ్మా?”

“లేరండి” అన్నాను.

అందరం లేచాం. గోవింద అందరికన్నా ఎక్కువగా తల వంచుకున్నాడు. పార్వతమ్మ గారు నా వైపు చూడలేదు. నేను అంకెలు లెక్కపెట్టాను గానీ, నలభై తర్వాత ఏ అంకె వస్తుందో మరచిపోయాను. ఆ ఆదివారం చర్చికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. ప్రార్థన నోట్లోకి రాలేదు.

నాలుగు రోజుల తర్వాత ఒక ఆడమనిషి వసారా మెట్ల మీద కూర్చుంది. వితంతు పింఛను దరఖాస్తు రాయమని వచ్చింది. పేరు అడిగాను. చిన్నమ్మలు అంది. భర్త పేరు అడిగాను. దాలయ్య అంది. భర్త ఎలా పోయాడన్న చోటికి వచ్చేసరికి ఆవిడ నా ముఖంలోకి చూస్తూ అంది:

“పెనం తిరగబడి పోనాడని రాయమ్మా. ఆస్పత్రి కాయితంలో తాగి పడిపోనాడని రాసేరు. ఆ మడిసి సుక్క ముట్టనోడమ్మా. నా పిల్లలు బడికెళ్తే తాగుబోతోడి పిల్లలంతన్నారు.”

పింఛను ఎలాగూ వస్తుంది, ఆ ముక్క అక్కర్లేదు అని చెప్పి ఆవిడని పంపించేయడం నాకు ఒక్క నిమిషం పని. చెప్పబోయాను కూడా. ఈలోగా మాస్టారు లోపలి నుంచి వచ్చి ఆవిడ పక్కన మెట్టు మీదే కూర్చున్నారు. ఏ గానుగమ్మా అని అడిగారు. ఆవిడ నేల చూస్తూ, “మీ బామ్మర్దిదే బాబూ” అంది. ఎప్పుడు అని అడిగారు. శివరాత్రి ముందు సోమవారం అంది. మాస్టారు లెక్క వేసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. నా వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

“సార్, ఆ పేరు నాకొచ్చింది. నేనే తీసేశాను” అన్నాను.

ఆయన లేచి లోపలికి వెళ్లి పద్దెనిమిది పేర్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. “పంతొమ్మిదో పేరు రాయి. రేపు పొద్దున్న అందరం గానుగ దగ్గరికెళ్దాం. అమ్మని కూడా తీసుకురా” అన్నారు. అంతే.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. పొయ్యి చల్లారి ఉంది. చుట్టూ పిప్పి కుప్పలు ఎండుతున్నాయి. తీగ కట్టిన కడియంతో ఆ పెనం ఒక పక్కకు ఒరిగి ఉంది. కూలీలు దూరంగా నిలబడ్డారు. చిన్నమ్మలు ఇద్దరు పిల్లలతో వచ్చింది. గోవింద ముఖం నల్లబడిపోయింది. “బావా, ఇంట్లో మాట్లాడుకుందాం రా, ఈళ్ల ముందేటి?” అన్నాడు. మాస్టారు కాగితం విప్పి చదివారు. పేరు, తండ్రి పేరు, ఊరు, పని. పగిలిన కడియం ఉన్న పెనం దించుతుంటే పాకం పడి పోయారని చదివారు. ఈ పేరు ఐదు రోజుల కిందట మా ఇంట్లో చదవవలసింది, చదవలేదు, ఆ తప్పు మా ఇంటిది అని కూడా చదివారు. అందరం తలలు వంచాం.

నేను పది కూడా లెక్కపెట్టలేదు. చిన్నమ్మలు గట్టిగా అంది:

“ఆపండి బాబూ. మీరు నిల్సుంతే నాకేటి వత్తాది? ఈ మాట ఇక్కడ అన్నారు, గాల్లో పోతాది. కాయితం మీద రాయండి. టేసన్లో ఇయ్యండి. నా పిల్లలకి నాను సూపించుకోవాల.”

మాస్టారితో అన్నిసార్లు నిలబడ్డాం, మధ్యలో ఆగిన మౌనాన్ని మళ్లీ మొదలుపెట్టకపోవడం అదొక్కసారే. మాస్టారు పిప్పి కుప్ప పక్కన బోర్లించిన గంప మీద నన్ను కూర్చోబెట్టి, చిన్నమ్మలు చెప్పింది చెప్పినట్టు రాయించారు. కడియం సంగతి తెలిసిన ఇద్దరు కూలీలు ముందుకు వచ్చి వేలిముద్రలు వేశారు. కింద మాస్టారు సంతకం పెట్టారు. నా సంతకం కూడా పెట్టమన్నారు. పేరు తీసేసింది నేనేనని అందులో ఒక వాక్యం నేనే రాశాను. ఎవరు తీయమన్నారో రాయలేదు. పార్వతమ్మ గారు పెనం అవతల నిలబడి ఉన్నారు. ఆవిడ కళ్లు నా పెన్ను మీదే ఉన్నాయి. గోవింద అక్క ముఖంలోకి చూశాడు, తర్వాత నేలకేసి చూశాడు. చిన్నమ్మలుకు చదవడం రాదు. భర్త పేరున్న వాక్యం చదివి వినిపించమని నన్ను అడిగింది. చదివాను. ఇంకోసారి అంది. మళ్లీ చదివాను. మూడోసారి చదివాక, “సాలమ్మా” అని పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. మాస్టారు ఆ కాగితం తీసుకుని అటు నుంచి అటే పోలీసు స్టేషనుకు వెళ్లారు. గానుగ దగ్గర కారు ఎక్కుతుంటే ముసలావిడ కొడుకు భుజం మీద చేయి వేసింది.

ఆ తర్వాత జరిగినవి పెద్ద కథలేం కావు. గోవింద కొన్నాళ్లు లోపల ఉండి వచ్చాడు, కేసు చాలా ఏళ్లు నడిచింది. ఆసుపత్రి కాగితం మారడానికి ఏడాదిన్నర పట్టింది, మారింది. పార్వతమ్మ గారు ఏడాది పాటు మాస్టారితో మాట్లాడలేదు. వేళకు కంచం పెట్టేవారు, మంచినీళ్లు పెట్టేవారు, మాట మాత్రం లేదు. తర్వాతి సమావేశాలయ్యాక ఇంట్లో పేర్లు చదివేటప్పుడు ఆవిడ హాల్లోకి రాలేదు గానీ, వంటింటి గుమ్మంలో నిలబడ్డారు, రెండు నిమిషాలూ. ఆ తర్వాతి ఎన్నికలకు మాస్టారికి టిక్కెట్టు రాలేదు. సొంత బావమరిదిని కాపాడుకోలేనివాడు మనల్నేం కాపాడతాడని చెరుకు రైతులే అన్నారు. ఆయన మళ్లీ చొక్కా జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుని పదో తరగతి పిల్లలకు ఉచితంగా పాఠాలు చెప్పుకున్నారు.

చివరి రోజుల్లో మాస్టారు మంచంలో ఉన్నప్పుడు చూడడానికి వెళ్లాను. అంతకు ఏడాది ముందే ముసలావిడ పోయింది. పార్వతమ్మ గారు మందులకని బయటికి వెళ్లారు. మాస్టారు నన్ను దగ్గరికి రమ్మన్నారు. మాట బాగా తగ్గిపోయింది.

“దాలయ్య పేరు నీ చేత తీయించిందెవరో నాకు ఆ రోజే తెలుసమ్మా. పెనం అవతల ఆవిడ మొహం సూసేను.”

నేను తల వంచుకున్నాను.

“ఆ కాయితం మీద నేను సంతకం పెట్టేను కదా. ఆవిడ పేరు అందులో ఉండాలి. నాకు తెలిసి వదిలేసేను. నీకు మార్కులు తగ్గించే అర్హత నాకు లేదు. నేనూ ఒక పేరు వదిలేసినవాణ్ణే.”

మీరూ మనిషేనండీ మాస్టారూ అనాలనిపించింది. ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను. పార్వతమ్మ గారు మందులతో వచ్చి, మేమిద్దరం ఏడుస్తుంటే చూసి, గ్లాసులో నీళ్లు పోశారు.

ఆయన పోయాక శాసనసభలో కూడా ఆయన పేరు చదివారు. అందరూ లేచి నిలబడ్డారు. ఆ తీర్మానం కాపీ వాళ్లింటికి వచ్చింది. మంచి మాటలే, నిజమైన మాటలే. అయినా ఆయన్ని తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఆ తీర్మానం కాదు, మెట్టు మీద చిన్నమ్మలు పక్కన కూర్చుని నా వైపు చూడకుండా ఉన్న ఆ నిమిషం. అంతకు నాలుగు రోజుల ముందు నేనన్న “లేరండి” అన్న మాట ఇంకా నా నోట్లోనే ఉంది. ఏ జాబితా రాసినా, పెళ్లి పిలుపులదైనా, చర్చి సంఘానిదైనా, చివర్లో నన్ను నేను ఒకసారి ఆపుకుని అడుగుతాను. మంచో చెడో ఆయన నాకు ఇచ్చిపోయింది అదే.

ఇదంతా రాసే ముందు పార్వతమ్మ గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడకిప్పుడు డెబ్భై ఎనిమిది. నేను రాయబోయేది చెప్పాను. ఆవిడ పేరు లేకుండా రాయమంటే అలాగే రాస్తానన్నాను. ఆవిడ సందు వైపు కిటికీ మూసి నా వైపు తిరిగారు.

“నా పేరు పెట్టే రాయి శాంతమ్మా” అన్నారు. “ఆయన రాయనేకపోనారు. నువ్వు రాసీ.”